నాలుగు నిమిషాల అక్రమం

బెవర పైడిరాజు ఉద్యోగంలో చేరిన నాలుగో రోజునే తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. దాన్ని దిద్దడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ దిద్దుబాటు పూర్తయిందని అనిపించుకోవడానికి మాత్రం ఏడాదీ పదకొండు నెలలూ చాలలేదు. ఇందులో అతని బద్ధకం ఏమీ లేదు. సంస్థలోనూ బద్ధకస్తులెవరూ లేరు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా అందరూ వంచిన తల ఎత్తకుండా పనిచేసేవారు. చిక్కంతా ఆ పనిలోనే ఉంది.

ఆ సంస్థ పేరు రాష్ట్ర యంత్రభాషా నిర్మాణ సంస్థ. విశాఖపట్నంలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టిన ఒక పాత మేడలో ఉండేది. తెలుగులోనే ప్రోగ్రాములు రాసుకోవడానికి వీలుగా వాళ్ళు 'సారథి' అనే కంపైలరును తయారుచేశారు. కంపైలరంటే ఏదో బ్రహ్మపదార్థం కాదు. మనిషి రాసినదాన్ని యంత్రానికి తెలిసే అంకెల్లోకి మార్చి చెప్పే దుబాసీ. పాలిటెక్నిక్ పిల్లలు దానిమీదే పాఠాలు నేర్చుకునేవారు, దానిమీదే పరీక్షలు రాసేవారు.

ఆ దుబాసీకి ఒక లోపం ఉంది. పిల్లలు రాసినదాంట్లో తప్పుంటే అది ఎన్నో వరసలో ఉందో సారథి చెప్పాలి. చెప్పేది కూడా. కాకపోతే ఏడో వరసలో తప్పుంటే ఆరో వరసలో ఉందనేది. పిల్లలు నిక్షేపంలా ఉన్న ఆరో వరసను దిద్ది దిద్ది పాడుచేసేవారు. దాంతో అక్కడా తప్పు పుట్టేది. అప్పుడు సారథి, తప్పు ఐదో వరసలో ఉందనేది. అలా పైకి ఎక్కుతూ ఎక్కుతూ మొదటి వరసకు చేరేసరికి పరీక్ష గంట కొట్టేసేవారు. ఏజెన్సీలో ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మజ్జి కుసుమకుమారి అనే లెక్చరరు, నిరుడు తన క్లాసులో పంతొమ్మిది మంది ఇలాగే ఫెయిలయ్యారని సంస్థకు పదకొండు ఉత్తరాలు రాశారు. పదకొండింటికీ 'మీ లేఖ అందినది' అని జవాబు వెళ్ళింది.

ఆ ఉత్తరాల కట్ట కొత్తగా చేరిన పైడిరాజుకు ఇచ్చారు. అతను మూడు రోజులు వెతికి, వరసలు లెక్కపెట్టే భాగంలో ఒకచోట ఒకటి కలపడం మరిచిపోయారని గమనించాడు. ఒకటి కలిపాడు. కలిపి, ఇప్పుడేం చెయ్యాలని సూపరింటెండెంటు హైమావతి గారిని అడిగాడు. ఆవిడ బీరువా తీసి పదిహేడో సర్క్యులరు చేతికిచ్చారు.

అప్పటికి ఏడాది కిందట ఒక మంత్రిగారి ఎదుట సారథిని ప్రదర్శించబోతే తెర నల్లగా ఉండిపోయిందట. అంతకుముందు రోజు ఎవరో ఒక చిన్న మార్పు చేసి, కొంత భాగమే మళ్ళీ కట్టి, మిగతాది పాతదే ఉంచారని తేలింది. తెర నల్లగా ఉండటానికి అసలు కారణం ప్లగ్గు పెట్టకపోవడమని కూడా తరవాత తేలింది గాని, అప్పటికే సర్క్యులరు వెలువడింది. అందులో ఇలా ఉంది: 'సారథియందు ఎట్టి స్వల్ప మార్పు చేసినను, పూర్వ నిర్మాణమును సమూలముగా తుడిచివేసి, ప్రథమ భాగము మొదలుకొని ఆమూలాగ్రముగా పునర్నిర్మించవలెను. అసంపూర్ణ నిర్మాణమును మరుసటి దినమునకు నిలువ ఉంచరాదు.'

ఆమూలాగ్రంగా కట్టడం, అంటే రాసినదంతా మొదటి నుంచి మళ్ళీ అంకెల్లోకి మార్చడం, చిన్న పని కాదు. సారథిని సారథి భాషలోనే రాశారు. కాబట్టి ముందు, విడిగా అట్టేపెట్టిన పాత సారథి కూర్చుని కొత్త సారథిని కట్టాలి. ఆ కొత్తది తనను తాను మళ్ళీ కట్టుకోవాలి. సరిగ్గా కట్టుకుందో లేదో తేలడానికి మూడోసారి కూడా కట్టుకోవాలి. ఒక్కొక్క విడతకు మూడు గంటలు. మొత్తం తొమ్మిది గంటలు.

ఆఫీసు పదింటికి తెరుస్తారు. పాతది తుడిచి, తుడిచినట్టు రిజిస్టర్లో రాసి, సంతకాలయ్యేసరికి పదిన్నర. సాయంత్రం ఐదున్నరకు విద్యుత్ పొదుపు సర్క్యులరు ప్రకారం అటెండరు దాలయ్య మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. మధ్యలో ఉన్నవి ఏడు గంటలు. కట్టడానికి తొమ్మిది కావాలి. సగంలో ఆగినదాన్ని మర్నాడు పొద్దున నిబంధన ప్రకారం తుడిచేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

ఈ విధంగా మూడేళ్ళలో ఆరువందల చిల్లర నిర్మాణాలు మొదలయ్యాయి. ఒక్కటీ పూర్తి కాలేదు. ఈ సంగతి ఎవరి కంటా పడలేదని కాదు. నెలవారీ నివేదికలో 'ప్రారంభించిన నిర్మాణములు' అన్న గడి పక్కన 'పూర్తయిన నిర్మాణములు' అన్న గడి కూడా మొదట్లో ఉండేది. ఏడాదిపాటు ఖాళీగానే ఉండేసరికి కాగితం వృథా అని తీసేశారు.

పైడిరాజు చెప్పిన పని చేసే రకం. రోజూ పదిన్నరకు మొదలుపెట్టేవాడు, ఐదున్నరకు ఆగిపోయేది. రోజుకు రెండు గంటలు అదనంగా కరెంటు ఉంచమని అర్జీ పెట్టుకున్నాడు. పూర్తి చేయగలిగిన పనులకే అదనపు విద్యుత్తు మంజూరవుతుందనీ, ఇది పూర్తి కాగలదని చూపడానికి గతంలో పూర్తయిన నిర్మాణం తాలూకు నకలు జతపరచాలనీ జవాబొచ్చింది. దాలయ్యను అడిగితే అతను తలొంచుకున్నాడు.

"నాకు పదినెల్లుంది బాబూ రిటైరవడానికి. స్విచ్ కట్టినట్టు రోజూ వేలిముద్ర ఏస్తాను. కట్టకుండా ముద్ర ఏస్తే పించిను ఆపీసి కూకుంటారు."

ఆ మాటతో పైడిరాజు ఇంక అడగలేదు. అతనికీ అలాంటిదే ఒకటి మెడమీద ఉంది. రెండేళ్ళ ప్రొబేషన్. ఆ రెండేళ్ళలో కనీసం ఒక మార్పు పూర్తిచేసి అమల్లోకి తెచ్చినట్టు ధ్రువపత్రం ఉంటేనే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇంటికి. ఇంకా ముప్పై నాలుగు రోజులున్నాయి.

ఆ ఆదివారం రాజాం వైపు ఉన్న తన ఊరికి వెళ్ళాడు. తండ్రి జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేస్తాడు. అన్నం తింటూ కొడుకు చెప్పింది అంతా విని, చారు పోసుకుంటూ ఆయన అడిగాడు.

"మగ్గం మీద పోగు తెగిందనుకోరా. ఏటి సేస్తాం? మగ్గం ఆపీసి, ఆ పోగు ముడేసి, మళ్ళీ తిప్పుతాం. ఒక పోగు తెగిందని గోనె మొత్తం ఇప్పీసి, సేలోకెల్లి మళ్ళీ గోగు ఇత్తనాలు జల్లుతామేటి?"

"మా ఆఫీసులో అలగవదు నాన్నా. అది గవర్నమెంటు."

"అయితే జల్లండి మరి," అని తండ్రి చారు కలుపుకున్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే పైడిరాజుకు ఆ మాటే బుర్రలో తిరిగింది. సారథిలో మొత్తం ఆరువేల నాలుగువందల పన్నెండు భాగాలు ఉన్నాయి. తను ముట్టుకున్నది ఒక్కటి. మిగతావి మూడేళ్ళ కిందట ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. వాటిని చెరిపి మళ్ళీ కట్టినా అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ అవే వస్తాయి. అలాంటప్పుడు అవి ఉన్నచోటే ఉండనిచ్చి, ఆ ఒక్క భాగాన్నే కట్టి దాని స్థానంలో అమరిస్తే సరిపోతుంది కదా.

సోమవారం పొద్దున అలాగే చేశాడు. నాలుగు నిమిషాలు పట్టింది. కావాలని ఏడో వరసలో తప్పుంచి ఒక చిన్న ప్రోగ్రాము రాసి సారథికి ఇచ్చాడు. 'ఏడో వరసలో తప్పున్నది' అని తెరమీద వచ్చింది. పన్నెండో వరసలో పెట్టాడు. పన్నెండే చెప్పింది. అతను లేచి, మళ్ళీ కూర్చుని, ముప్పయ్యో వరసలో కూడా పెట్టి చూసి, అప్పుడు హైమావతి గారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

హైమావతి గారు ఇరవైయేడేళ్ళ సర్వీసులో నాలుగు శాఖలు చూసినావిడ. ఆవిడకు తెలియని నిబంధన లేదు, నమ్మిన నిబంధనా లేదు. వచ్చి తెర చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"బాగానే ఉంది. ఎంతసేపు పట్టిందన్నావు?"

"నాలుగు నిమిషాలండి."

"అదే చిక్కు. ఫైల్లో నాలుగు నిమిషాలని రాస్తే, మిగిలిన ఆరు గంటల యాభై ఆరు నిమిషాలు ఏం చేశావంటారు. నువ్వు ఒక్కడివే కాదు, మూడేళ్ళుగా మేమందరం ఏం చేశామంటారు."

పైడిరాజు ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నాడు. రాశాడు. ఆ ఫైలు మధ్యాహ్నానికి డైరెక్టరు బల్ల మీదికి చేరింది, మూడింటికి పైడిరాజుకు పిలుపొచ్చింది.

డైరెక్టరు విస్సాప్రగడ కామేశం గారు మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. మంచివారే. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. అనదలిస్తే కమిటీ వేస్తారు.

"చూడండి పైడిరాజు గారూ. నిర్మాణమనేది ఒక క్రమశిక్షణ. మత్స్యశాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చెరువులో ఒక్క చేపకు జబ్బు చేసినా, ఆ ఒక్క చేపను పట్టుకుని మందు వేసే సంస్కృతి మాకు లేదు. చెరువు మొత్తం ఎండగడతాం."

"ఎండగట్టిన చెరువు మళ్ళీ నిండేదా సార్?" అని పైడిరాజు అడిగాడు. తెలుసుకుందామనే అడిగాడు.

"అది నీటిపారుదల శాఖ పరిధి," అన్నారు కామేశం గారు.

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. అనుమతి లేకుండా నిర్మాణాన్ని నాలుగు నిమిషాల్లో ముగించడం ద్వారా ప్రభుత్వ యంత్రం తాలూకు పనిగంటలను నిరర్థకం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. విచారణ ముగిసేదాకా యంత్రంలో ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. కీబోర్డును ఒక గుడ్డసంచిలో పెట్టి, మూతి బిగించి, లక్కముద్ర వేశారు. మౌసు సంగతి మెమోలో లేదు కాబట్టి దాన్ని వదిలేశారు.

కీబోర్డు లేకపోయేసరికి ఆ నెల 'ప్రారంభించిన నిర్మాణములు' గడిలో సున్నా వచ్చే ప్రమాదం ఏర్పడింది. కామేశం గారు హుటాహుటిన ముగ్గురితో కమిటీ వేశారు. అధ్యక్షులు తామే. రెండోవారు న్యాయ నిపుణులు. మూడోవారు రోడ్లూ భవనాల శాఖలో రిటైరైన ఇంజనీరు. నిర్మాణం అన్న మాట ఉంది కదా అని పిలిచారు. వారు తొమ్మిది రోజులు కూర్చుని, పైడిరాజు పద్ధతి సూత్రరీత్యా ఆమోదయోగ్యమేనని తేల్చారు. మారిన భాగాన్నే కట్టవచ్చు. అయితే మిగిలిన భాగాలు మారలేదని ఎవరు చెప్పాలి? యంత్రం చెబితే చాలదు. బాధ్యత గల ఉద్యోగి చెప్పాలి. కాబట్టి ప్రతి భాగానికీ విడివిడిగా 'పై భాగమును నేను స్వయముగా పరిశీలించితిని. ఇది మారలేదు' అనే ధ్రువపత్రం మూడు ప్రతుల్లో ఉండాలి. ధ్రువపత్రం ఇరవైనాలుగు గంటలే చెల్లుతుంది. మర్నాటికి మారి ఉండవచ్చు కనుక.

పైడిరాజు తన ప్రొబేషన్ తేదీ ఒక కాగితం మీద రాసుకుని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. ఇరవై ఒక్క రోజులున్నాయి.

సంస్థలో ఉద్యోగులు దాలయ్య కాక ముప్పై ఆరుగురు. తలా నూట డెబ్బై ఎనిమిది భాగాలు పంచితే ఇంకా నాలుగు మిగిలాయి, వాటిని దాలయ్యకు ఇచ్చారు. అందరూ మౌసుతో ఒక్కొక్క భాగాన్నీ తెరమీదికి తెచ్చి చూసి, సంతకాలు మొదలుపెట్టారు. ఉన్నది ఒక్క తెర. సోమవారం సంతకం చేసినవి మంగళవారానికి మురిగిపోయేవి. మంగళవారం వాటిని మళ్ళీ చేస్తుంటే ఆ రోజు చేయవలసినవి నిలిచిపోయేవి. పదో రోజుకు ఫారాల కోసం ప్రెస్సు నుంచి లారీ వచ్చింది. దాలయ్య మాత్రం తన నాలుగు ఫారాలూ పట్టుకుని పైడిరాజు దగ్గరికి వచ్చి, లోపల ఏముందో తను చూడలేదనీ, చూడని సరుకు మారలేదని ఎలా చెప్పడమనీ అడిగాడు. పైడిరాజు కూర్చోబెట్టి ఆ నాలుగు భాగాలూ ఒక్కొక్క వరసా చదివి వినిపించాడు. దాలయ్య పూర్తిగా విని, బాగానే ఉన్నాయని చెప్పి వేలిముద్ర వేశాడు. ఆ ఆరువేల పైచిలుకు పత్రాల్లో నిజంగా పరిశీలించి ఇచ్చినవి బహుశా ఆ నాలుగే.

ఈలోగా న్యాయ నిపుణులు ఇంకొక లోతైన ప్రశ్న లేవనెత్తారు. ఇప్పుడున్న సారథిని కట్టింది ఎవరు? సారథి అని చెప్పారు. దాన్ని? అదీ సారథే. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. అంటే ఇది తనను తానే ధ్రువీకరించుకుంటున్నదన్నమాట. తన మార్కుల జాబితా మీద తనే సంతకం పెట్టుకుంటే ఏ ఆఫీసైనా ఒప్పుకుంటుందా? గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. కాబట్టి సారథిని అంకెల రూపంలో పూర్తిగా అచ్చువేసి, పుట పుటకూ గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేయాలి. నలభై ఒక్క వేల పుటలయ్యాయి. సంస్థలో గెజిటెడ్ అధికారి ఒక్కరే. కామేశం గారు.

అప్పటిదాకా సంస్థలో ఏ నిబంధన వచ్చినా దాని బరువు ఆయన చేతిమీద పడలేదు. మొదటి రోజు రెండువందల పది పుటలు చేశారు. ప్రతి పుటనూ, అందులో ఉన్నవి ఒకట్లూ సున్నాలే అయినా, పైనుంచి కిందికి చూసి మరీ చేశారు. రెండో రోజు నూట డెబ్బై. మూడో రోజు మణికట్టుకు కట్టు కట్టుకుని వచ్చారు. నాలుగో రోజు తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. రెండింటికి హైమావతి గారిని పిలిచి, ఎడమచేత్తో ఒక చిత్తు కాగితం అందించారు.

ఆ కాగితమే ఆ తరవాత దేశమంతా ప్రఖ్యాతి పొందిన సున్నా ఉత్తర్వు.

'మార్పు లేనిచోట పునర్నిర్మాణము అనావశ్యకము. పునర్నిర్మాణమునకు ఏకైక కారణము మార్పే అయి ఉన్నందున, మార్పును నివారించినచో నిర్మాణ కాలము తొమ్మిది గంటల నుండి సున్నాకు తగ్గును. కావున ఈ దినమున యంత్రమందు ఉన్న సారథియే శాశ్వత సారథి. దీనియందు ఇకపై ఎవరును, ఎట్టి కారణము చేతను, ఎట్టి మార్పును చేయరాదు.'

ధ్రువపత్రాలు రోజూ అక్కర్లేదు. ఒక్కసారి, పూర్తి కట్ట రాజధానికి పంపితే చాలు. సిరా సంతకాలు కూడా అక్కర్లేదు. ఒకసారి కట్టినదాన్ని మళ్ళీ కట్టబోవడం లేదు కాబట్టి ఎవరు కట్టారన్న ప్రశ్నే రాదు.

పత్రికలకు ప్రకటన వెళ్ళింది. తొమ్మిది గంటల పనిని సున్నాకు కుదించిన సంస్థ ప్రపంచంలో మరొకటి లేదని ఒక సదస్సులో ఎవరో అన్నారు. వేగ నిర్మాణ పురస్కారానికి సంస్థ పేరు సిఫారసు అయింది. ఇతర శాఖల వాళ్ళు నేర్చుకోవడానికి బస్సుల్లో వచ్చారు. ఒక మునిసిపాలిటీ వారు, కాలవల్లో తీయకుండా వదిలేసిన పూడిక మళ్ళీ పూడదన్న సూత్రాన్ని అక్కడికక్కడే గ్రహించి, కామేశం గారికి శాలువా కప్పి వెళ్ళారు. ఈ ఆలోచనకు మూలం ఒక యువ ఉద్యోగి అని కామేశం గారు ప్రతి సభలోనూ పేరు చెప్పకుండా మెచ్చుకునేవారు.

ఆ యువ ఉద్యోగికి మిగిలింది ఇక ఒక్క రోజు. పూర్తయిన మార్పు ఒకటి చూపితే గాని ఉద్యోగం నిలవదు. మార్పులు నిషిద్ధం.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి కట్ట రాజధానికి బయలుదేరాలి. లెక్క చూస్తే ఆరువేల నాలుగువందల పదకొండు పత్రాలే ఉన్నాయి. ఒకటి తక్కువ. తక్కువైనది వరసలు లెక్కపెట్టే భాగం తాలూకుది. పంపకంలో అది పైడిరాజు వంతుకే వచ్చింది. కామేశం గారు అతన్ని లోపలికి పిలిచారు. హైమావతి గారు రెండు ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డారు. గోడ పక్క కుర్చీలో ఎవరో ఒకావిడ, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చారట. ఆవిడే కుసుమకుమారి. పదకొండు ఉత్తరాలూ అందినట్టు జవాబులొచ్చాయి గాని వచ్చే సోమవారం మళ్ళీ పరీక్షలనీ, ఈసారి పన్నెండో ఉత్తరం రాసే బదులు మనిషే వస్తే ఏమంటారో చూద్దామని వచ్చాననీ ఆవిడ చెప్పుకున్నారు. డైరెక్టరు గారు ఆవిడను కాసేపు కూర్చోమన్నారు.

"పైడిరాజు గారూ, సంతకం చేయండి. మారలేదు. నాలుగే అక్షరాలతో పోయే పని," అని ఫారం ముందుకు తోశారు. "ఇది అయితే మీ ప్రొబేషన్ సంగతి నేను సానుభూతితో చూస్తాను. అవసరమైతే ఆ షరతును సడలిస్తాను."

పైడిరాజు ఫారం చదివాడు. 'నేను స్వయముగా పరిశీలించితిని. ఇది మారలేదు.' వాళ్ళ ఇంట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటి మనిషి అతనే. వేలిముద్ర వేసేవాళ్ళకు కాగితం మీద ఏం రాసి ఉందో తెలియదు కాబట్టి అందులో అబద్ధముంటే పాపం రాసినవాడిదే. తనకు చదవడం వచ్చు. కలం తీసి, 'మారలేదు' అన్నది కొట్టేసి, కింద రాశాడు: 'మారినది. ఒకటి కలిపితిని. నాలుగు నిమిషాలు పట్టినది.'

కామేశం గారు ఫారం తనవైపు తిప్పుకుని చదివారు.

"ఆ ఒకటిని తీసెయ్యండి," అన్నారు కామేశం గారు, చాలా నెమ్మదిగా. "ఇప్పుడే. అప్పుడు మారనట్టే కదా."

హైమావతి గారు గొంతు సవరించుకున్నారు. "తీసెయ్యడమూ మార్పే కద సార్. మీ ఉత్తర్వులో ఎట్టి కారణము చేతను అని ఉంది. పైగా తీస్తే మళ్ళీ కట్టాలి. కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో అయితే ఫారాలన్నీ మళ్ళీ మొదటి నుంచి, ఆకుపచ్చ సిరా సంతకాలతో సహా. పాత పద్ధతిలో అయితే తొమ్మిది గంటలు. ఇప్పుడు రెండూ నలభై అయింది."

కామేశం గారు తన మణికట్టు వంక చూసుకున్నారు.

"ఇంకొకటి సార్. ఉత్తర్వు వచ్చిన రోజున యంత్రంలో ఉన్నదే శాశ్వత సారథి అన్నారు. ఆ రోజుకే ఇతను కలిపిన ఒకటి అందులో ఉంది. మెమో ఇచ్చి, కీబోర్డుకు లక్కవేసి, ఉన్నది ఉన్నట్టు ఉంచింది మనమే. కాబట్టి ఈ ఫారం ఇలా రాస్తే సరిపోతుంది." ఆవిడ కొత్త ఫారం తీసి చకచకా రాశారు: 'ఉత్తర్వు నాటికి ఒకటి కలిసి ఉన్నది. ఆ పిమ్మట ఇది మారలేదు.' పైడిరాజు చదివాడు. నిజమే. సంతకం పెట్టాడు.

కట్ట పూర్తయింది. కామేశం గారు ఊపిరి పీల్చుకునేలోగా హైమావతి గారు రెండో ఫైలు తెరిచి పెట్టారు. అది పైడిరాజు ప్రొబేషన్ ఫైలు. ఒక మార్పు పూర్తిచేసి అమల్లోకి తెచ్చి ఉండాలన్నది షరతు. శాశ్వత సారథిలో ఒక మార్పు ఉందని ఇప్పుడే ధ్రువపత్రం పుట్టింది, అది రాజధానికి వెళుతోంది. శాశ్వతం కంటే అమలు ఇంకేముంటుంది.

"షరతు సడలించే శ్రమ కూడా మీకు లేదు సార్," అన్నారావిడ. "ఇతని తరవాత చేరేవాళ్ళ గతేమిటన్నది వేరే ఫైలు. దానికి కమిటీ వేద్దాం."

కమిటీ అన్న మాట వినగానే కామేశం గారి ముఖం తేటపడింది. ఎడమచేత్తో, ఆకుపచ్చ సిరాతో, బెవర పైడిరాజు ఉద్యోగం పర్మనెంటు చేశారు. సంతకం కొంచెం వంకరపోయింది గాని చెల్లుబాటయ్యేదే.

అప్పటిదాకా గోడ పక్కనే కూర్చున్న కుసుమకుమారి, అయితే బాగుపడిన సారథిని తను ఒక కాపీ తీసుకెళ్ళవచ్చా అని అడిగారు. కాపీ తీస్తే అసలుది మారదు కదా అని హైమావతి గారు డైరెక్టరు వైపు చూశారు. ఆయన చేయి ఊపారు. పైడిరాజు ఆవిడ పెన్‌డ్రైవ్ పెట్టి, మౌసుతోనే కాపీ చేసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రుమాల్లో చుట్టి సంచిలో అడుగున పెట్టుకుని, లేవబోయి, మళ్ళీ కూర్చుని, ఒక మడతపెట్టిన కాగితం తీశారు. సారథిలో ఇంకా పద్నాలుగు తప్పులున్నాయట. పిల్లలే పట్టుకున్నారట. అన్నీ చిన్నవేనట.

పైడిరాజు జాబితా పైనుంచి కిందికి చదివాడు. నిజంగానే చిన్నవి. మూడోదీ, తొమ్మిదోదీ ఎక్కడున్నాయో చదువుతుండగానే తెలిసిపోయింది. డైరెక్టరు గారి వైపు చూశాడు. ఆయన పురస్కార సభకు వేసుకోవలసిన కోటు గురించి ఫోనులో మాట్లాడుతున్నారు. పైడిరాజు ఒక ఖాళీ ఫారం వెనక్కి తిప్పి, ముట్టుకోని భాగాలను ఎలా వదిలెయ్యాలో, మారినదాన్ని మాత్రం ఎలా కట్టాలో, వరసగా, తన మామూలు చేతిరాతలో రాసి ఆవిడకు ఇచ్చాడు.

"ఇక్కడ మార్చకూడదండి. మీ ల్యాబులో మార్చుకోవచ్చు. మా సర్క్యులర్లు మీకు వస్తాయా?"

"సర్క్యులర్ల సంగతి తరవాతండి. మాకు కరెంటే సరిగా రాదు. వచ్చింది ఎప్పుడు పోతుందో తెలీదు."

"వచ్చినప్పుడు, ఆగకుండా ఒక నాలుగు నిమిషాలు ఉంటుందాండీ?"

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ చెప్పారు.

"నాలుగు నిమిషాలైతే ఉంటుందండి."